నీచు ముట్టని ఇల్లు

ఇంతవరకూ జరిగింది ఇదీ. ఆరేళ్ళ నా కూతురు అపూర్వకి ముందు తలనొప్పి వచ్చింది. తర్వాత వాంతులు, ఆ తర్వాత ఫిట్సు, ఇప్పుడు పిలిచినా పలకని మగత. ఉయ్యూరులో మామూలు జ్వరమన్నారు. కంకిపాడులో వెన్నులోంచి నీళ్ళు తీసి చూసి, మెదడుకి క్షయ పట్టిందేమో అన్నారు. ఆఖరికి బెజవాడ తెచ్చి, భవానీపురం దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న పెద్దాస్పత్రిలో చేర్చాం. నరాల డాక్టరు ఉదయభాస్కర్ గారు మళ్ళీ వెన్నులోంచి నీళ్ళు తీయించారు, స్కానింగులన్నీ తిరగేశారు. చివరికి ఆయన అన్న మాట దగ్గర మనం ఆగాం.

"ఏం జబ్బో తేలడం లేదమ్మా. ఈ సాయంత్రానికీ తేలకపోతే, రేపు పొద్దున పాప తలకి చిన్న రంధ్రం పెట్టి, లోపల్నుంచి చిటికెడు ముక్క తీసి చూడాల్సిందే."

చిటికెడు. ఉప్పుకీ పసుపుకీ వాడే మాట అది. నా కూతురి తలకి వాడతారని ఎప్పుడూ అనుకోలేదు.

మధ్యాహ్నం నర్సు వచ్చి, సాయంత్రం జుట్టు తీసేస్తారని చెప్పి వెళ్ళింది. మా ఆయన సురేష్ ఆపరేషన్‌కి కావలసిన రక్తం కోసం బయటికి వెళ్ళాడు. లోపల పాప దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. ఆ ఒక్కరూ నేనే. పాప జడలు విప్పి, ఎర్ర రిబ్బన్లు రెండూ తీసి, వరండాలో కింద కూర్చున్న మా అత్తగారు రాఘవమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ వాటిని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

బెంచీ మీద మా మావగారు ఆదిశేషయ్యగారు గోడవైపు తిరిగి, కళ్ళ మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నారు.

"కాఫీ తెమ్మంటారా మావయ్యగారూ?"

"వద్దమ్మా. ఆ ట్యూబులైటు ఆపేస్తారేమో కనుక్కో. కళ్ళల్లో పొడుస్తోంది. ఈ బెంచీ ఒకటి, మెడ కూడా పట్టేసింది."

ఆస్పత్రి బెంచీ మీద పడుకుంటే ఎవరికైనా పట్టేస్తుంది. నేను పట్టించుకోలేదు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. చిటికెడు, చిటికెడు.

అప్పుడే తెల్లకోటు వేసుకున్న ఒకావిడ వరండాలోకి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో.

"అపూర్వ అమ్మ మీరేనా? నా పేరు శాంభవి. ల్యాబు డాక్టర్ని. ఒక్కసారి నాతో వస్తారా?"

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. మీకొకటి చూపించాలి."

మెట్లు దిగి ఆవిడ వెనకే వెళ్ళాను. చల్లటి గది. గాజు పలకలు, సీసాలు, మందు వాసన. బల్ల మీద మైక్రోస్కోపు. మా బళ్ళో కూడా ఒకటుండేది, అద్దాల బీరువాలో. దానికెప్పుడూ తాళమే. తొమ్మిదో తరగతిలో ఉల్లిపొర కణాల బొమ్మ వేసి మంచి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఉల్లిపొర లోపల ఏముందో మాత్రం చూడలేదు. పదో తరగతి మధ్యలోనే పెళ్ళి కుదిరింది. నా చదువు అక్కడితో సరి.

"కూర్చోండి. రెండు కళ్ళూ ఆనించండి. ఏం కాదు, అదేం కొరకదు."

ఆనించాను. నల్లగా, గడ్డిపోచల్లాంటివి కదులుతున్నాయి.

"పురుగులాండీ?"

"అవి మీ కనురెప్ప వెంట్రుకలమ్మా. కొంచెం వెనక్కి జరగండి. అందరికీ ముందు అవే కనబడతాయి."

వెనక్కి జరిగాను. ఒక్కసారిగా వెలుతురు తెరుచుకుంది. లేత గులాబీ రంగు నేల. దాని మీద గుండ్రటివి, గుంపులు గుంపులుగా. ఒక్కోదాని మధ్యలో ఊదారంగులో చెవి తమ్మెల్లాంటివి రెండు, కళ్ళజోడు అద్దాల్లా జంటగా. చుట్టూ సన్నటి ఎర్ర రవ్వ, జల్లెడ పట్టినట్టు ఒకే కొలతలో.

అందంగా ఉన్నాయి. అలా అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

"ఇవి పాప వెన్నులోంచి తీసిన నీళ్ళలోవి," అంది శాంభవిగారు. "మెదడు చుట్టూ ఉండేదీ ఆ నీళ్ళే. అందులో మామూలుగా కణాలు ఉండవు, ఉన్నా ఒకటీ అరా. మీరు ముందు చూపించిన చోట తెల్లకణాలు ఎక్కువున్నాయని చూసి ఊరుకున్నారు. రంగు వేసి చూడలేదు. రంగు వేస్తేగానీ ఏది ఏ కణమో విడిగా తెలీదు."

"మా ఇంట్లోనూ అంతేనండీ. ఒకే తొట్టిలో ముంచినా పట్టుకి ఒకలా పడుతుంది, నూలుకి ఒకలా పడుతుంది."

"మగ్గమా మీది?"

"అవునండీ. మావగారిది."

"అయితే నేను చెప్పేది మీకు అర్థమవుతుంది. ఈ ఎర్ర రవ్వ ఉన్నవాటిని ఇయోసినోఫిల్స్ అంటారు. పేరు గుర్తుండక్కర్లేదు. ఒంట్లో పురుగు దూరితే దాని మీదికి వెళ్ళే కణాలు ఇవి. మెదడు నీళ్ళలో ఇన్ని కనబడుతున్నాయంటే, లోపల పురుగు ఉందనే నా అనుమానం."

"ఏదండీ? నాకు కనబడలేదు."

"నాకూ కనబడలేదు. అది ఇందులోకి రాదు, లోపలే ఎక్కడో దాక్కుంటుంది. దాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే మనకి కనబడుతున్నారు."

"అయితే ఇవి మంచివేగా? మా పాప తరఫున కొట్లాడేవేగా?"

ఆవిడ నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"మంచివే. కానీ దొంగ దూరాడని ఊరంతా కర్రలు పట్టుకుని ఇంట్లోకి జొరబడితే ఇల్లేమవుతుంది? దొంగ ఎత్తుకుపోయేదానికంటే వీళ్ళు విరగ్గొట్టేదే ఎక్కువ. పాప మెదడు వాచింది ఈ గొడవకే."

మళ్ళీ కళ్ళు ఆనించాను. ఇప్పుడవి అందంగా కనబడలేదు.

"మందు లేదాండీ?"

"ఉంది. అయితే ఏ పురుగో తెలియాలి. కొన్నిటికి పురుగుల మందు వేస్తే అవన్నీ ఒక్కసారిగా చచ్చి వాపు ఇంకా పెరుగుతుంది. పాప ఉన్న స్థితిలో అది తట్టుకోలేదు. అసలు పురుగే కాకపోవచ్చు కూడా. కొన్ని రక్తం కేన్సర్లలోనూ ఈ కణాలు ఇలాగే వస్తాయి. అందుకే ఉదయభాస్కర్ గారు ముక్క తీస్తామంటున్నారు. అందుకే నేను మిమ్మల్ని తీసుకొచ్చాను." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇలాంటి పురుగు ఎక్కువగా నీచులోంచి వస్తుంది. పచ్చిగా తిన్నా, సరిగ్గా ఉడక్కపోయినా. నత్తలు, పీతలు, అలాంటివి. గుర్తు చేసుకోండి."

"మా ఇంట్లో నీచు ముట్టమండీ."

ఎవరు అడిగినా ఇదే చెప్పాను. ఉయ్యూరులో చెప్పాను, కంకిపాడులో చెప్పాను, ఇక్కడ చేరిన రోజూ చెప్పాను. అడగ్గానే నోటికి వచ్చేసే మాట.

"జంధ్యం వేసుకునే ఇల్లండీ మాది. కోడిగుడ్డు గడప దాటదు. చేపలబ్బాయి సైకిలు వీధిలోంచి వెళ్తే మా అత్తగారు వాకిట్లో నీళ్ళు చల్లుతారు."

"కేసు కాగితాల మీద అదే ఉంది. శాకాహారం అని. అది చూసి అందరం ఆ దారి మూసేశాం. కానీ అమ్మా, ఈ కణాలకి మీ ఇంటి ఆచారం తెలీదు కదా."

నేను తల దించుకున్నాను.

"బయట ఎక్కడైనా? పక్కింట్లో?"

"బడి, ఇల్లు, తాతగారి మగ్గం పక్కన ఆటలు. అంతేనండీ దాని లోకం."

"ఇంటికెళ్ళి అడగమనడం లేదు. పైన వరండాలోనే ఉన్నారుగా మీవాళ్ళు. ఇంకోసారి అడిగి చూడండి. సాయంత్రంలోగా."

పైకి ఎలా ఎక్కానో తెలీదు. మావగారు లేచి కూర్చున్నారు, తువ్వాలు కళ్ళకి అడ్డం పెట్టుకుని. విన్నది విన్నట్టు చెప్పాను. పురుగు అని చెప్పాను. నీచు అని చెప్పాను. నత్త అన్న మాట దగ్గర కొంచెం తడబడి, అదీ చెప్పేశాను.

"నత్తా!" ఆయన గొంతు వరండా అంతా మోగింది. అంత గట్టిగా అరిచినందుకు ఆయనే రెండు చేతులతో తల పట్టుకున్నారు. "మా తాత, మా నాన్న, నేను. మగ్గం గుంటలో దిగేముందు కాళ్ళు కడుక్కుని, మగ్గానికి దణ్ణం పెట్టి కూర్చునే ఇల్లు. ఎవత్తి ఆవిడ, మన ఇంటి మీద ఈ మాట అనడానికి?"

"అనడం కాదు మావయ్యగారూ, అడుగుతున్నారు."

"ఏం అడగడం అది? కోస్తే కోసుకోమను. ఈ నింద మాత్రం నేను పడను."

కోస్తే కోసుకోమను. ఆ మాట ఆయన కావాలని అనలేదు. మనవరాలంటే ప్రాణం. బొబ్బిన్ల డబ్బా దానికి బొమ్మలపెట్టె, దాన్ని ముట్టుకోవద్దని ఏనాడూ అనలేదు. అయినా ఆ మాట నా గుండెల్లో దిగబడింది. ఆసరా కోసం అత్తగారి వైపు చూశాను.

ఆవిడ వేలికి చుడుతున్న రిబ్బను ఆగిపోయింది.

పక్కింటివాళ్ళు పులుసు వండుకుంటే ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకునే మనిషి. రొయ్య అన్న మాట వింటేనే "ఛీ ఛీ, రామ రామ" అని నోరు పుక్కిలించే మనిషి. ఇప్పుడు ఛీ అనలేదు. రామ అనలేదు. నేల మీద గచ్చు వైపు చూస్తూ ఊరుకుంది.

"అత్తయ్యా, ఒకసారి ఇటు రండి."

"ఎందుకే?"

"రండి."

వరండా చివర చేతులు కడుక్కునే చోటికి తీసుకెళ్ళాను. కొళాయి ఒకటి కారుతోంది.

"దానికేం పెట్టారు?"

"నేనేం పెడతానే! నా చేత్తో పెంచిన పిల్ల."

"పెంచడం గురించి నేనడగలేదు."

"గొంతు తగ్గించు. మీ మావయ్య వింటారు."

"వింటే విననీండి. సాయంత్రం దాని జుట్టు తీస్తారు. పొద్దున్నే తలకి రంధ్రం పెడతారు. మీరు చెబితే పెట్టరు. చెప్పకపోతే పెడతారు. నాకు ఇంతకుమించి ఏం తెలీదు అత్తయ్యా. చదువుకున్నదాన్ని కాదు. ఇదిగో, దాని రిబ్బను మీ చేతిలోనే ఉంది. దీన్ని పట్టుకుని చెప్పండి, నేనేం పెట్టలేదు అని. నమ్మేస్తాను. వెళ్ళి మళ్ళీ చెబుతాను, మా ఇంట్లో నీచు ముట్టమని."

ఆవిడ రిబ్బను వైపు చూసింది. గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారిపోయింది.

"దగ్గు తగ్గలేదుగా రాజీ."

"ఏ దగ్గు?"

"నువ్వు మీ చెల్లెలి సీమంతానికి వెళ్ళావు చూడు, అప్పుడు. మగ్గం దగ్గరే కూర్చుంటుందాయె. నూలు దుమ్ము. రాత్రంతా ఖళ్ళు ఖళ్ళున దగ్గేది. సీసాడు మందు తాగించినా తగ్గలేదు. నూలు కండెలు చుట్టడానికి వస్తుందే శివపార్వతి, అది చెప్పింది. వాళ్ళ పిల్లలకి అదే పోస్తుందట. కాలవగట్టు మీద ఏరుకొచ్చి, బాగా ఉడకబెట్టి, ఆ రసం. కఫం కరిగిపోతుందట."

"ఉడకబెట్టి అని చెప్పిందా?"

"ఆఁ."

"మరి మీరు?"

కొళాయి కారుతూనే ఉంది. ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది. నేను వంగి, ఆ చెంగు లాగేశాను.

"మరి మీరు, అత్తయ్యా?"

"మన పొయ్యి మీద ఎలా పెట్టనే?" ఆవిడ గొంతు చిన్నపిల్లలా అయిపోయింది. "నైవేద్యం వండే పొయ్యి. ఉడికిస్తే వాసనొస్తుంది. మీ మావయ్య ముక్కు సంగతి తెలుసుగా, పోపు మాడితే వీధి చివర పసిగడతారు. అందుకని దొడ్లో, ఆ మూలనపడ్డ పాత రోట్లో వేసి నలగ్గొట్టి, గుడ్డలో పిండి, తేనె, అల్లం కలిపి పోశాను. పచ్చిదే. నీచు మన పొయ్యి ఎక్కకూడదని."

చెయ్యి లేచింది. నిజం చెబుతున్నాను, మా అత్తగారి మీద నా చెయ్యి లేచింది. శివపార్వతి పిల్లలు నీచు తింటారు, ఉడికించుకుని తింటారు, వీధిలో దుమ్ము రేపుకుంటూ ఆడుకుంటున్నారు. మాది శుభ్రమైన ఇల్లు. మా పొయ్యి ఇప్పటికీ శుభ్రంగానే ఉంది.

లేచిన చెయ్యి ఆవిడ రెక్క పట్టుకుంది.

"లేవండి."

"మీ మావయ్యకి చెప్పకే. నా చేతి నీళ్ళు కూడా ముట్టరింక."

"ఏడవడానికి తర్వాత చాలా టైముంది. ముందు లేవండి."

డాక్టరుగారి గదికి ఇంచుమించు ఈడ్చుకుంటూ తీసుకెళ్ళాను. బెంచీ ముందు నుంచే వెళ్ళాం. మావగారు తువ్వాలు కొంచెం ఎత్తి మమ్మల్ని చూశారు. ఆ గదికి తలుపుందిగానీ వేసి లేదు, పచ్చటి కర్టెను ఒక్కటే. వెయ్యాలని నాకు తోచలేదు.

ఉదయభాస్కర్ గారూ శాంభవిగారూ ఇద్దరూ ఉన్నారు. అత్తగారిని ముందుకి తోశాను. ఆవిడ తల ఎత్తకుండా, రోలు దగ్గర్నుంచి తేనె దాకా చెప్పింది.

"పచ్చిదేనా? కచ్చితంగా?" ఉదయభాస్కర్ గారు కుర్చీలో ముందుకి వంగారు.

"పచ్చిదేనండీ."

"ఒక్కసారేనా?"

"మూడు పూటలు."

శాంభవిగారు కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. ఆయన అప్పటికే ఫోను తీశారు. "రేపు పొద్దున అపూర్వ కేసు ఆపండి. అవును, ఇప్పటికి ఆపండి. జుట్టు కూడా తీయొద్దు." ఫోను పెట్టి నా వైపు తిరిగారు. "వాపు తగ్గించే మందు వెంటనే పెంచుతాం. వెన్నులోంచి ఇంకోసారి నీళ్ళు తీసి తలలో ఒత్తిడి తగ్గిస్తాం. నత్త పురుగే అయితే, ఆ కణాల గొడవ అణిచేదాకా పాపని కాచుకోవడమే మన పని."

"బతుకుతుందాండీ?"

"ఇంతసేపూ చీకట్లో రాళ్ళు విసిరాం. ఇప్పుడు ఎటు విసరాలో తెలిసింది. ఇవాళ్టికి అంతకంటే ఎక్కువ చెప్పలేనమ్మా. చెబితే అబద్ధమవుతుంది."

అత్తగారి చేతిలోంచి రిబ్బన్లు తీసుకున్నాను. జుట్టు తీయొద్దన్నారు. ఆ ఒక్కటే నా చెవుల్లో తిరుగుతోంది. జుట్టు తీయొద్దన్నారు.

"పెద్దమ్మగారూ," అంది శాంభవిగారు మెత్తగా, "ఆ మందు ఇంకెవరైనా తాగారా? మీరేమైనా?"

"నేనా? ఛీ!"

అప్పుడొచ్చింది ఆ ఛీ. ఇంకో రోజైతే నవ్వొచ్చేది.

"మరి ఇంకెవరైనా?"

ఆవిడ కర్టెను వైపు చూసింది. నా వైపు చూసింది. రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలీదు.

"కొంచెం మిగిలిందండీ. పిల్ల తాగనని మొరాయించింది. పారబొయ్యడం దేనికని... ఆయనకీ దగ్గేగా. మిరియాల కషాయంలో కలిపేశాను. ఆయనకి తెలీదు."

"ఎవరికి?" అన్నాను.

"ఆయనకి. మీ మావయ్యకి."

డాక్టర్లిద్దరూ కాసేపు ఇంగ్లీషులో ఏదో గబగబా మాట్లాడుకున్నారు. శాంభవిగారు లేచి నిలబడింది.

"ఆయనకి తలనొప్పి ఏమైనా ఉందా? మెడ పట్టేసినట్టు ఉంటోందా? వెలుతురు చూడలేకపోతున్నారా?"

అపూర్వని చేర్చిన రోజు నన్ను అడిగిన ప్రశ్నలు. అవే, అదే వరసలో. అవునన్నట్టు తల ఊపాను. నా కళ్ళ ముందు తువ్వాలు కనబడుతోంది. ట్యూబులైటు. బెంచీ మీద పడుకుంటే మెడ పట్టేసిందన్న మాట.

"ఆయన్ని లోపలికి పిలవండి," అని ఉదయభాస్కర్ గారు మంచం కోసం మళ్ళీ ఫోను అందుకున్నారు. "నడవనివ్వకండి. చక్రాల కుర్చీ పంపిస్తున్నా."

కర్టెను తప్పించి బయటికొచ్చాను.

బెంచీ ఖాళీగా ఉంది.

విప్పిన చొక్కా మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఉంది. నేసిన చీరని మడత పెట్టినంత నీటుగా, అంచుకి అంచు కలిపి. దాని మీద, చుట్టలా చుట్టి, ఆయన జంధ్యం.

నా వెనకే వచ్చిన అత్తగారు అది చూసి అక్కడే కూలబడింది.

నేల ఊడుస్తున్న ఆయా చీపురు ఆపింది. "పెద్దాయన కోసమా అమ్మా? కర్టెను దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆనక లిఫ్టులో దిగిపోయారు. తూలుతున్నారని చెయ్యి పట్టుకోబోయాను. వద్దమ్మా, నేనింక ముట్టుకోవాల్సిన మనిషిని కాదు అన్నారు."

"ఎటు వెళ్ళారు?"

ఆవిడ కిటికీ వైపు చూపించింది.

కింద గేటు, గేటు అవతల రోడ్డు, రోడ్డు అవతల రేవు మెట్లు. ఎండకి కృష్ణ కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. ట్యూబులైటు వెలుతురుకే ఓర్చుకోలేని మనిషి, చొక్కా లేకుండా, కళ్ళకి మోచెయ్యి అడ్డం పెట్టుకుని, తిన్నగా ఆ మెరుపులోకే మెట్లు దిగుతున్నారు.